మా ఆయన చేసిన మూడు ఫిరంగులు

మా ఆయన మునేష్ అంత పిరికి మనిషి మరికుప్పం గనికార్మికుల లైన్లలో ఇంకొకడు లేడని నేను ఇరవై ఆరేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. ఉరిమితే టీవీ ప్లగ్గు పీకడంతో ఆగడు, టీవీనే గోడకు దూరంగా జరుపుతాడు. గ్యాస్ సిలిండర్ మార్చిన పూట పొయ్యి వెలిగించనివ్వడు. ఆ పూటకు బన్నూ, చల్లటి పాలే గతి. వీధి మలుపులో కుక్క పడుకుని ఉంటే అది నిజంగా నిద్రపోతోందా, నటిస్తోందా అని కాసేపు నిలబడి చూసి, చివరికి పక్క వరుసలోంచి చుట్టు తిరిగి వస్తాడు. మాది కుప్పం దగ్గర పల్లె. పామును కట్టెతో పక్కకు నెట్టి కలుపు తీసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్లయిన కొత్తలో ఈయన వాలకం చూసి, మావాళ్లు నన్ను మగవాడికిచ్చారా కుందేలుకిచ్చారా అని మూడు నెలలు ఏడ్చాను.

ఇంత భయస్థుడు చేసే పనేమిటో చెబితే మీరు నవ్వుతారు. ఆయుధాలు చేస్తాడు. ఈటెలు, కత్తులు, విల్లులు, తుపాకులు. కాకపోతే అన్నీ చిటికెన వేలి పొడుగుకు మించవు.

మా మామ చిన్నప్ప కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చనిపోయాడు. అప్పటికి మా ఆయనకు పదకొండేళ్లు. మా అత్త మారమ్మ కొడుకును గని గేటు వైపు కూడా చూడనివ్వలేదు. ఆయన బెంగళూరులో ఒక చిన్న వర్క్‌షాపులో చేరి, రోజూ రైల్లో పోయి వస్తూ ఇరవై రెండేళ్లు సన్నటి పిన్నులూ స్క్రూలూ సానబెట్టాడు. కరోనా కాలంలో అది మూతపడింది. తర్వాత రెండేళ్లు ఇంట్లో కూర్చుని, పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, బాగున్న తాళాలన్నీ విప్పి మళ్లీ బిగించాడు.

మా ఒక్కగానొక్క కూతురు పవిత్ర బెంగళూరులో అంబరీష్ అనే పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. సగం కేజీఎఫ్ లాగే అదీ రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆ డాక్టరుకు ఒక విచిత్రమైన సరదా ఉంది. అంగుళం ఎత్తు బొమ్మ సైనికులను వందలకొద్దీ పోగుచేస్తాడు. ఆదివారం వస్తే స్నేహితులతో కూర్చుని, టేబుల్ మీద అట్టతో చేసిన కొండలూ కోటలూ పరిచి, పాచికలు వేసి, టేపుతో కొలిచి, పాతకాలపు నవాబుల యుద్ధాలు ఆడుకుంటారట. పెళ్లాం పిల్లలున్న మగవాళ్లే! ఆ బొమ్మల చేతిలో ఈటెలు వెంట్రుక మందం ఉంటాయి, ముట్టుకుంటే విరుగుతాయి. ఒకరోజు డాక్టరు ఇద్దరు పేషెంట్ల మధ్య సందులో విరిగిన ఈటెను జిగురుతో అతికిస్తూ అవస్థ పడుతుంటే మా పిల్ల చూసి, "మా అప్ప చేస్తాడు సార్" అంది, నాన్నను అప్ప అనే అంటుంది. అలా మొదలైంది.

ఇందులో చేతిపని కంటే కష్టం, ఏ వస్తువుతో చెయ్యాలి అన్నది తేల్చుకోవడం. మొదట కొబ్బరి ఈనెల చీపురు మీద పడ్డాడు. ఈనెను బ్లేడుతో చెక్కి, కొసను వాడి మొనలా చేసి బొమ్మ పిడికిట్లో దూర్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వారం తిరిగేసరికి ఎండి పుటుక్కున విరిగింది. ఊదొత్తి పుల్ల గట్టిదే కానీ రంగు తగలగానే పీచు లేచి ఈటెకు నూగు మొలిచింది. పాత మోటారు చుట్టలోని రాగి తీగ గట్టిగా చూస్తే వంగిపోతుంది. గిటారు తీగ వంగదు కానీ కత్తిరించిన చోట మెలి తిరుగుతుంది. తర్వాత నా కుట్టు సూదులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఉక్కు, నిటారు, మొన ముందే ఉంది, ఇంకేం కావాలి? పది మంది సైనికులకు సూదులు బిగించి, రంగు వేసి, డబ్బాలో పెట్టి, భోజనానికి కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే ఉండిపోయాడు.

"ఏమైందప్పా?" అన్నాను.

"డాక్టరు చేతికి గుచ్చుకుంటే? దినామూ నలుగురి నోట్లో పెట్టే చెయ్యి గదా అది."

తిండి మానేసి పదింటినీ పట్టకారుతో పీకేశాడు. చివరికి రాబర్ట్‌సన్‌పేటలో సన్నటి ఇత్తడి కడ్డీ దొరికింది. అది సూదిలా గుచ్చుకోదు, రాగిలా వాలిపోదు. కొసను ఇనప దిమ్మె మీద చిన్న సుత్తితో చదును చేసి, ఆకురాయితో వేపాకు ఆకారం తెప్పిస్తాడు. కత్తులకూ అదే ఇత్తడి. వింటినారికి నా దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు. తుపాకీ గొట్టాలకు డాక్టరు వాడని ఇంజెక్షన్ సూదులు పంపితే, కవరు కూడా విప్పకుండా వెనక్కి పంపి, అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్ల ఇత్తడి ముక్కులు వాడాడు. ఏ వస్తువు చేతికొచ్చినా వెలుతురులో పెట్టి చూస్తాడు, వాసన చూస్తాడు, ఇది ముట్టుకున్నవాళ్లకు ఏమవుతుందని ఆలోచిస్తాడు. "చేసేది ఆటబొమ్మ, పడే భయం పర్వతమంత" అని నేను ఎద్దేవా చేసేదాన్ని. అయినా మా ఆయన చేసిన ఈటె ఒక్కటి విరిగిందన్న మాట ఇంతవరకు రాలేదు.

పోయిన కార్తీకంలో డాక్టరు ఆరు ఫిరంగులు పంపాడు. చక్రాలున్నాయి, బండ్లున్నాయి, గొట్టాలు మాత్రం విరిగిపోయాయి. గొట్టం వేలు పొడుగుండాలి, పెన్సిల్ మందముండాలి, ఒక పక్క నోరు, ఇంకో పక్క మూసి ఉండాలి. గొడుగు ఊచ చాలా సన్నం. పాత రేడియో ఏరియల్ బాగుంది కానీ రెండు పక్కలా బోలు. పెన్ను గొట్టం ప్లాస్టిక్, దానికి ఇనుములాంటి బరువు రాదు. పది రోజులు ఇల్లంతా వెతికి, పక్కింటివాళ్ల చెత్త కూడా వెతికాడు.

అదే వారంలో మూడు రోజులు ముసురు పట్టి మా వెనక గది మట్టిగోడ సగం కూలింది. మా అత్త అప్పుడు సుగటూరులో తన కూతురు సొన్నమ్మ ఇంట్లో ఉంది. పెద్దావిడకు దిగులెందుకని గోడ సంగతి ఫోన్లో చెప్పలేదు. నేను మట్టిపెళ్లలు గంపకెత్తుతుంటే గోడ మధ్యలోంచి తారు గుడ్డ చుట్టిన ఒక బిస్కెట్ డబ్బా పడింది. నగలేమో అని, అబద్ధమెందుకు, నా గుండె ఎగిరి గంతేసింది. మూత తీస్తే రంపపు పొట్టు. పొట్టులో పచ్చబారిన ఆరు రాగి గొట్టాలు. వేలు పొడుగు, పెన్సిల్ మందం. ఒక పక్క నోరు, ఇంకో పక్క మూసి ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే అనుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

ఆయన ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అడుగున ఏందో బూడిద మాదిర ఉండాది గంగా. ఏందో తెలీకుండా వాడేదెట్ల? అమ్మ వచ్చినాక అడుగుదాము."

నాకు ఒళ్లు మండింది. "మీ నాయన దాచి పెట్టిన గొట్టాలకు గూడా భయమేనా? బీడీలు పెట్టుకొనేటివో, ఏందో. డాక్టరు బుధవారానికి మూడన్నా కావాలన్యాడు. ఇట్ల తే, నేను కడిగిస్తాను."

ఇప్పుడిది రాస్తుంటే నా వేళ్లు చల్లబడుతున్నాయి. రాగి కదా అని చింతపండు పెట్టి ఆరింటినీ పీచుతో తోమాను. బూడిద రాలుతుందేమోనని బట్టలుతికే రాయి మీద బోర్లించి టకటకా కొట్టాను. రాలలేదు. మెరుస్తున్న గొట్టాలను తీసుకొచ్చి ఆయన ముందు పెట్టి, "చూడు, నన్ను కరిచినాయా?" అన్నాను. ఆయన సిగ్గుపడి నవ్వాడు. నా మాట మీద పని మొదలుపెట్టాడు.

మూడు గొట్టాలకు దారం చుట్టి పట్టీల్లా అతికించి, కంచు రంగు వేసి, నోట్లో నల్లరంగు పోసి బండ్ల మీద నిలిపాడు. అంత అందమైన పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. బుధవారం పొద్దున పవిత్ర వాటిని దూది పరిచిన మైసూర్‌పాక్ డబ్బాలో సర్ది, డబ్బాను బ్యాగులో పెట్టుకుని ఏడు గంటల రైలుకు వెళ్లిపోయింది. మిగిలిన మూడింటికి నోరు ఇంకా లోతుగా కనిపించాలని, అడుగున గట్టిపడిన బూడిదను గీకడానికి ఆయన చేతితో తిప్పే చిన్న డ్రిల్లు తీశాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

అప్పుడు మా అత్త గుమ్మంలో అడుగుపెట్టింది. సుగటూరు నుంచి మొదటి బస్సుకు బయలుదేరి వచ్చిందట. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఆ కంటితో బాగానే చూస్తుంది. వస్తూనే వెనక గది వైపు చూసింది. కూలిన గోడ చూసింది. ఆ తర్వాత కొడుకు చేతిలో ఉన్నదాన్ని చూసింది.

కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. సంచి నేల మీద చప్పుడు లేకుండా దించి, నడిచి వచ్చి, కొడుకు మణికట్టు పట్టుకుంది.

"మునేసూ. దాన్ని తిప్పొద్దు. బయటికి తియ్యి. మెల్లింగా నాయనా, మెల్లింగా."

"ఏందమ్మా?"

"క్యాపు రా అది. గనిలో రాయి పగలేసే క్యాపు. పేలుడు మందును లేపేది అదే. మందన్నా తన్నులు తిని ఊరుకుంటాది గానీ ఇది ఊరుకోదని మీ నాయన చెప్తా ఉండె."

నా చేతిలోంచి చిక్కుడుకాయ జారిపోయింది. అది నేల మీద పడిన చప్పుడుకే నా ప్రాణం పైకెగిరింది. ఆయన డ్రిల్లును తిప్పకుండా మెల్లగా గొట్టంలోంచి బయటికి తీశాడు. పాత బొంతను నాలుగు మడతలు వేసి, దాని మీద గొట్టాన్ని పడుకోబెట్టాడు. పక్కనే మిగతా రెండు. మా అత్త దూరం నుంచే వేలితో లెక్కపెట్టింది.

"ఆరుండాల. ఇంగ మూడు యాడ?"

నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు. గోడ మీద గడియారం ఎనిమిది కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది. రైలు బంగారపేట దాటి ఉంటుంది. ఆ రైల్లో జనం ఎలా ఉంటారో మాకు తెలుసు. కాలు మోపడానికి చోటుండదు, బ్యాగు మీద బ్యాగు, మనిషి మీద మనిషి. ఆ నలుగుడులో నా బిడ్డ భుజానికి మూడు క్యాపులు వేలాడుతున్నాయి. వాటిని రాయి మీద కొట్టినదాన్ని నేను. వాటిని వద్దన్న మనిషిని వెక్కిరించి ఒప్పించినదాన్ని నేను.

ముగ్గురం బయటికి వచ్చాం. నేను ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారికి "అమ్మా?" అంది పవిత్ర. వెనక రైలు చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు. పిచ్చిదానిలా నోరు తెరిచాను. "బ్యాగు బయటికి విసిరెయ్యి" అని అరిచేదాన్నే.

మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. వేలు పెదవి మీద పెట్టి నాకు సైగ చేశాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. స్పీకర్ నొక్కాడు.

"పవీ, నేనమ్మా. సీటు దొరికినాదా?"

"యాడప్పా! నిలుచుకోనే ఉండాను. ఏమి?"

"ఏం లేదు. ఫిరంగులకు రంగు ఇంగా ఆరలేదమ్మా. తొందర్లో వార్నిష్ మందంగా కొట్టేసినాను. నొక్కుకుంటే డబ్బాకే అతుక్కుంటాది. బ్యాగు యాడుండాది?"

"పైన పెట్టినాను. ఎవురిదో డ్రిల్లుమిషను సంచి దానిమీద ఉండాది."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఆయన మాత్రం అలాగే నిలబడి, బియ్యం ధర చెప్పుకుంటున్న మనిషిలా మాట్లాడుతున్నాడు.

"సరే. ఆ సంచి ఎవురిదో వాళ్లనే తియ్యమను. తీసినాక నీ బ్యాగు రెండు చేతుల్తో కిందికి దించుకో. ఒరగకుండా. రంగు కారిపోతాది."

ఆ పక్క ఏవో మాటలు వినిపించాయి. "అన్నా, కొంచెం మీ సంచి" అన్నది విన్నాను. ఒక మగగొంతు విసుక్కుంది. తర్వాత ఏదో బరువు కదిలిన చప్పుడు. ఇలాంటి మగణ్ణిచ్చాడని ఇన్నాళ్లూ దేవుణ్ణి తిట్టిన నోటితోనే నేను దేవుళ్లందరి పేర్లూ చదివాను.

"దించినానప్పా."

"కడుపు కాడ పట్టుకో... వద్దు, వద్దు. కొంచెం ముందుకు పట్టుకో. గాలి ఆడల్ల గదా. వచ్చే స్టేషన్ ఏది?"

"మాలూరు."

"అక్కడ దిగేసెయ్. ఆరినాక వెనకొచ్చే రైలుకు పోవచ్చు. డాక్టరుకు నేను చెప్తాను. అందర్నీ దిగనిచ్చి చివర్లో దిగు. ఎవురూ తొయ్యకుండా."

"సరే" అంది. అంతలో రైలు బ్రేకు వేసిన కీచు చప్పుడు వినిపించి ఫోన్ కట్టయింది.

మళ్లీ చేస్తే కలవలేదు. ఇంకోసారీ కలవలేదు. ఆయన నంబరు నొక్కుతూనే ఉన్నాడు. ఆ కొన్ని నిమిషాల్లో నేను ఏమేమి చూశానో చెప్పలేను. తోపులాట చూశాను. మెట్టు మీద జారిన కాలు చూశాను. ఎవరో మోచేత్తో పొడవడం చూశాను. పిల్ల చేతి వేళ్లు చూశాను, ఒక్కొక్క వేలూ, చిన్నప్పుడు గోళ్లు కత్తిరించిన వేళ్లు. మా అత్త నేల మీద కూర్చుని గోడకేసి తల కొట్టుకోబోతే, "సుమ్నే ఉండమ్మా, గమ్మునుండు, ఫోన్ వస్తే వినపడదు" అన్నాడాయన.

ఫోన్ మోగింది.

"దిగినానప్పా. ప్లాట్‌ఫారం మీదుండాను."

"మంచిపని చేసినావు. ప్లాట్‌ఫారం చివర్లో జనం ఉండారా?"

"ఎవురూ లేరు. రాతి బెంచీ ఒగటి ఉండాది, ఎండలో."

మా అత్త రెండు చేతులూ ఊపింది. ఎండ వద్దు, ఎండ వద్దు.

"ఎండ తగిలితే రంగు పగుల్తాది. నీడ చూడమ్మా."

"షెడ్డు వెనక నీడుండాది. నేల మీద."

"సరే, అక్కడ పెట్టు. మోకాళ్ల మీద కూచోని పెట్టు. జిప్పు తియ్యొద్దు, దుమ్ము పడతాది. పెట్టినావా?"

గాలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"పెట్టినాను."

"ఇంగ నువ్వు ఇవతలికి వచ్చేసెయ్. టీ తాగుపో."

"వస్తా ఉండాను."

"వచ్చినావా?"

"టీ కొట్టు కాడికి వచ్చినాను."

"ఇంగా కొంచెం ఇవతలికి రా. రాతిగోడ ఏమన్నా ఉంటే దాని ఇవతలికి. బ్యాగు దిక్కు ఎవురన్నా పోతా ఉండారా చూడు."

"గోడ వెనకకు వచ్చినాను. ఎవురూ పోలేదు."

అప్పుడు చెప్పాడాయన. ఒక్క వాక్యంలో చెప్పాడు. స్టేషన్‌లో పోలీసును పిలిచి దూరం నుంచే చూపించమన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, వాంతి చేసుకుని, అక్కడే మట్టిలో పడిపోయాడు. ముఖాన నీళ్లు చల్లి లేపాను. ఆయన చేతులు పట్టుకుని, నన్ను కొట్టు, నన్ను తిట్టు అని ఏడ్చాను. ఆయన ఏదీ చెయ్యలేదు.

పోలీసులు వచ్చారు. మా వరుసలోని ఇళ్లన్నీ ఖాళీ చేయించారు. మా ఇంట్లో మూడింటినీ, మాలూరులో మూడింటినీ తెలిసినవాళ్లు ఇసుక పెట్టెల్లో తీసుకెళ్లి, మనుషులు లేని చోట పేల్చేశారు. మా ఇంటివి పేలినప్పుడు మేం దూరంగా నిలబడి విన్నాం. చెవులు గింగురుమనేంత చప్పుడు కాదు. కానీ ఆ చప్పుడు నా అరచేతిలో వినిపించింది. చింతపండుతో తోమినదాన్నని చెబితే, వచ్చిన అధికారి నా చేతి వేళ్ల వైపు చూసి, "అమ్మా, మీరు బతికి ఉండటమే ఎక్కువ" అని ఊరుకున్నాడు.

గోడలోకి అవి ఎలా వచ్చాయో మా అత్త వాళ్ల ముందే చెప్పింది. ఆమె తమ్ముడు వెంకటరమణప్పకు బేతమంగళలో బావి తవ్వుతుంటే అడుగున బండ తగిలింది. దాన్ని పగలగొట్టుకోవడానికని మా మామ గనిలోంచి ఆరు క్యాపులు అన్నం క్యారియర్ అడుగున దాచి తెచ్చాడు. ఆ వారమే లైన్లలో సోదాలు మొదలయ్యాయి. దొరికితే పని పోతుంది, ఇల్లు పోతుంది, జైలు. గోడ తవ్వి లోపల పెట్టి పూసేశాడు. ఆ తర్వాత జబ్బున పడి లేవలేదు. "దాన్ని నువ్వు ముట్టొద్దు, ఎవురికీ చెప్పొద్దు" అని మాత్రం భార్యతో అన్నాడు. నలభై ఏళ్లు ఆవిడ ముట్టలేదు, చెప్పలేదు. ఏటేటా పండక్కి తన చేత్తోనే ఆ గోడకు మట్టి మీద మట్టి పూసింది. నేను చూశాను కూడా, సున్నం వేసే కూలీని ఆ గోడ దగ్గరికి రానిచ్చేది కాదు. ముసలామె చాదస్తమనుకున్నాను.

పోలీసులు వెళ్లాక ఆమె కొడుకు పక్కన కూర్చుంది.

"చిన్నప్పుడు నువ్వు ఆ గోడకు బంతి కొట్టేవాడివి, మేకు దించేవాడివి. ఏం చెప్పి ఆపేది? గోడలో భూతముండాదన్యాను. ఉరిమితే దానికి కోపమొస్తాదన్యాను. నిప్పు దాని కాడికి తేవద్దన్యాను. చప్పుడు చెయ్యొద్దన్యాను. దినామూ చెప్పినాను. నీకు భయం నేనే నేర్పినాను, మునేసూ. నిన్ను ఊరంతా నవ్వేటట్ల చేసింది నేనే."

ఆయన తల్లి చేయి పట్టుకున్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. ఇరవై ఆరేళ్లు నేను అందరి ముందూ ఎగతాళి చేసినది ఈ భయాన్నే. ఆ కిటికీ దగ్గర ఆయన నిలబడి, తెలియని వస్తువు వాడొద్దు అన్నప్పుడు, ఇంట్లో ఉన్నవాళ్లలో తెలివి ఉన్నది ఆ భయానికొక్కదానికే. నాకు నా ధైర్యం మీద అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మూడు రోజులు పోలీస్ స్టేషన్‌కు తిరిగాం. సంతకాలు పెట్టాం. డాక్టరు ఫోన్ చేసి ఫిరంగుల ఊసెత్తకుండా, కొత్తగా ఇరవై మంది ఈటెలవాళ్లను పంపుతానన్నాడు. మా ఆయన వద్దంటాడనుకున్నాను. పంపమన్నాడు. ఇత్తడి కడ్డీ మాత్రం కొత్తది, అంగడివాడు కట్ట విప్పి తన కళ్ల ముందు ఇచ్చినది తెచ్చుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం కలిసి భోజనానికి కూర్చున్నాం. సంగటి, చిక్కుడుకాయ పులుసు. ఎవరూ ఆ సంగతి ఎత్తడం లేదు. నేనే ఉండబట్టలేక అన్నాను, ఆ పొద్దు మీ నాన్న లేకపోయి ఉంటే నేను అరిచి నిన్ను చంపేసేదాన్ని పవీ, రంగు ఆరలేదని ఎంత చక్కగా అబద్ధమాడాడో చూడు, నీకు అనుమానమే రాకుండా.

పవిత్ర ముద్ద కలుపుతూ ఆగింది.

"నాకు తెల్సమ్మా. సీటు దొరికినాదా అని అడిగినాడు చూడు, అప్పుడే అనుమానమొచ్చింది."

"ఎట్ల?"

"అప్ప దినామూ ఫోన్ చేస్తాడు. తలుపు కాడ నిలబడొద్దు, జాగ్రత్త. బ్యాగు ముందుకేసుకో, జాగ్రత్త. పట్టాలు దాటేటప్పుడు జాగ్రత్త. నాలుగు మాటలకు ఒగ జాగ్రత్త. ఆ పొద్దు అంతసేపు మాట్లాడినాడు, ఒక్కసారి గూడా ఆ మాట అనలేదు. రంగు, రంగు అంటాడే గానీ నన్ను జాగ్రత్త అన్లేదు. నా చేతిలో ఉండేది ఏందో తెలీలేదు గానీ, చచ్చేదేదో ఉండాదని తెల్సిపోయింది."

మా ఆయన తలెత్తాడు. "తెలిసీ ఏమీ అడగలేదేమమ్మా?"

"అడిగితే నువ్వు చెప్పాల్సొస్తాది. చెప్తే నీ గొంతు ఆగిపోతాది. నువ్వు మాట్లాడతా ఉంటేనే అప్పా, నేను ఆ షెడ్డు దాకా నడవగలిగింది."

ఆయన ఎడమచేత్తో కూతురి చేతిని పట్టుకుని దగ్గరికి తీసుకున్నాడు. సంగటి అంటిన ఆ చేతి వేళ్లను ఒక్కొక్కటే ముట్టి చూశాడు. ఐదూ చూసి, రెండో చెయ్యి ఇమ్మన్నాడు.